సోఫా మంచం కాదు

ఫిబ్రవరి 9

రెండో మందు కూడా పనిచేయలేదు.

పెద్ద డాక్టరుగారు ఎప్పుడూ కంప్యూటరు వైపు చూస్తూ మాట్లాడుతుంది. ఇవాళ కుర్చీ మా వైపు తిప్పుకుంది. అలా తిప్పుకోవడంలోనే నాకు సగం తెలిసిపోయింది. మా ఆయన పెద్దపేగులో ఉన్న క్యాన్సరు గడ్డని పోయినేడాదే కోసి తీసేశారు. కాలేయంలోకి పాకినవి మాత్రం మందుకి లొంగడం లేదట. ఉన్నవి పెరిగాయి, కొత్తవి కనిపిస్తున్నాయి.

"అయితే ఇప్పుడేంటి డాక్టర్?" అన్నాడు తను, ఎవరి కారు రిపేరు గురించో అడుగుతున్నట్టు.

"మూడో మందు ఒకటుంది. మాత్రలు. కొంతకాలం అదుపులో పెడుతుందేమో చూద్దాం. ఈలోపు మీరు ట్రయల్స్ ఏమైనా దొరుకుతాయేమో చూసుకోండి. కొత్త మందుల్ని అందరికీ ఇచ్చే ముందు, ఒప్పుకున్నవాళ్ళకి ఇచ్చి చూస్తారు. మన ఆసుపత్రిలో ఏవీ నడవడం లేదు. వేరే ఊళ్ళలో ఉండొచ్చు."

"ఎలా వెతకాలండీ?" అని నేను.

"నెట్‌లో పట్టిక ఉంటుంది. జబ్బు పేరు కొడితే వస్తాయి."

కారు దగ్గరికొచ్చాక తాళాలు నా చేతిలో పెట్టాడు. ఊళ్ళో సగం మందికి డ్రైవింగు నేర్పిన మనిషి. నాకు నేర్పిందీ తనే. పక్కసీట్లో కూర్చుని, దారంతా అక్కడ లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. నేను మనసులో అప్పుడే వెతకడం మొదలుపెట్టేశాను.

ఫిబ్రవరి 10

నేను పనిచేసే పళ్ళ ల్యాబులో మధ్యాహ్నం, కట్టుడు పళ్ళకి పోసిన మైనం చల్లారేలోపు పట్టిక తెరిచాను. జబ్బు పేరు కొట్టగానే వందలు వచ్చాయి. ప్రాణం లేచొచ్చింది. ఇన్ని ఉండగా ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం అనుకున్నాను.

ఒక్కొక్కటే తెరుస్తుంటే తగ్గుతూ వచ్చాయి. కొన్నింటి పక్కన 'చేర్చుకోవడం ముగిసింది' అని ఉంది. కొన్ని ఇంకా మొదలే కాలేదు. కొన్ని ఆపరేషన్ అయ్యాక ఒంట్లో ఏమీ మిగలనివాళ్ళకి, కొన్ని అసలు ఒక్క మందూ వాడనివాళ్ళకి. మిగిలిన ప్రతిదాని కిందా రెండు పేరాలుంటాయి. ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు. రాకూడనివాళ్ళ పేరాయే ఎప్పుడూ పొడుగు.

ఇంటికొచ్చి చెప్పాను, వెతుకుతున్నానని. "నీ ఇష్టం" అన్నాడు.

అత్తయ్యకి ఒక చెవి సరిగ్గా వినపడదు. రెండో చెవి దగ్గరికెళ్ళి, మీ అబ్బాయిని ట్రయల్‌కి తీసుకెళ్ళాలనుకుంటున్నానని చెప్పాను. ఆవిడ మడతపెడుతున్న బట్టలు ఒళ్ళోకి దించేసింది. "ట్రయలంటే కోర్టులో కదే నడిచేది? వాడేం తప్పు చేశాడు?"

తను చాన్నాళ్ళకి పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఫిబ్రవరి 13

ప్రతి ట్రయలూ గడ్డ ఏ రకమని అడుగుతోంది. గడ్డలో ఏ జన్యువు చెడిందో తెలిస్తేగానీ గుమ్మం ఎక్కనివ్వరు. ఆ పరీక్ష ఆపరేషన్ అప్పుడే చేశారట. ఇంతకాలం ఆ సంగతే నాకు తెలియదు. నాలుగు అక్షరాల ముక్క. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఆ కాగితం తెచ్చుకోవడానికి వెళితే రక్తపరీక్షల దగ్గర లిఫ్టాయన కనిపించాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి కాబట్టి మేమిద్దరం పెట్టుకున్న పేరు. మొదటి మందు ఎక్కించుకునే రోజుల నుంచీ తనూ ఆయనా పక్కపక్క కుర్చీల్లోనే. అదే జబ్బు. భార్య పోయింది, పిల్లల్లేరు, ఒక్కడే ఉంటాడు.

"మాస్టారెలా ఉన్నారు చెల్లెమ్మా?"

చెప్పాను.

"నాదీ అంతే. కింద బయల్దేరింది, కాలేయం దగ్గర ఆగింది, ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందట. దర్జాగా లిఫ్టులో ఎక్కుతోంది. పై అంతస్తు ఒకటే మిగిలింది," అని వేలితో నెత్తి మీద కొట్టుకున్నాడు.

ఆయన కాగితం కూడా తీసుకుని చూశాను. అదే రకం. ట్రయల్స్ సంగతి చెప్పాను. "ఆ భాష నా బుర్రకెక్కదు. నువ్వు చదివి చెప్పమ్మా, నేను వింటాను" అన్నాడు.

ఫిబ్రవరి 17

దొరికింది. ఇంకా చేర్చుకుంటున్నారు. గడ్డ రకం సరిపోయింది. కారులో పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి చేరిపోయే ఊరు.

సగం మందికి మూడో మందు ఇస్తారు. మిగతా సగం మందికి మూడో మందుతో పాటు కొత్త మాత్ర కూడా ఇస్తారు. అయితే ఒక షరతుంది. మూడో మందు ముందే మొదలుపెట్టినవాళ్ళు పనికిరారు. అంటే అక్కడ తేలేదాకా తను ఏ మందూ లేకుండా ఉండాలి.

పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేశాను. "చూడండి. కానీ ఎక్కువ రోజులు ఆగకండి. మనం ఆగినా లోపలిది ఆగదు" అంది.

తనని అడిగితే "సరే" అన్నాడు.

ఆ ఊరి ట్రయల్ నర్సుతో మాట్లాడాను. గొంతు మెత్తగా ఉంది. ఎన్ని మందులు వాడారు, ఆపరేషన్ ఎప్పుడు, గుండె జబ్బేమైనా ఉందా, అన్నీ అడిగింది. గడగడా చెప్పాను. చివర్లో, "పగటిపూట సగం కంటే ఎక్కువసేపు మంచం మీదే ఉంటున్నారా?" అంది.

లేదన్నాను. ఉండడం లేదు కూడా. భోజనం అయినప్పటి నుంచి దీపాలు వేసేదాకా సోఫాలో ఉంటాడు. టీవీ చూస్తాడు. కళ్ళు మూసుకుని చూస్తాడు.

"పనికి వెళుతున్నారా?" అంది. అప్పుడప్పుడూ అన్నాను. డ్రైవింగు స్కూలు బోర్డు మీద ఇప్పటికీ తన నంబరే ఉంది. ఎవరైనా చేస్తే ఎత్తి మాట్లాడతాడు. అది పని కాదా.

ఫిబ్రవరి 18

సోఫా మంచం కాదు.

ఫిబ్రవరి 24

వెళ్ళొచ్చాం. లిఫ్టాయన కూడా మాతోపాటే వచ్చాడు, వెనకసీట్లో. దారిలో ఇద్దరూ ఒకటే కబుర్లు. నేను క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతానని తన ఫిర్యాదు, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళందరూ దేవుణ్ణి కాకుండా తననే ఎలా పిలుస్తారో ఆయన వర్ణన. వింటుంటే పెళ్ళికి వెళుతున్నామనిపించింది. తను మధ్యలో రెండుసార్లు కారాపించి దిగాడు. ఎండకి.

ట్రయల్ నర్సు ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. ఎవరికి కొత్త మాత్ర, ఎవరికి పాతది మాత్రమే అన్నది కంప్యూటరు తేలుస్తుందట.

"అంటే లాటరీయా అమ్మా?" అన్నాడు లిఫ్టాయన.

"లాంటిదేనండీ. డాక్టరుగారి చేతిలో కూడా ఉండదు."

"మరి పాతమందు తగిలినవాడి గతి?"

"ఆ మందు ఎలాగూ మీకు ఇవ్వాల్సినదే కదా. మిమ్మల్నీ అంతే జాగ్రత్తగా చూస్తాం. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే కొత్తది మెరుగో కాదో తెలిసేది. ఇంకోటి. మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు. ఎందుకని ఎవరూ అడగరు."

ఇంత కష్టపడి లోపలికొచ్చాక ఎవరైనా ఎందుకు మానుకుంటారు?

తర్వాత ట్రయల్ డాక్టరు వచ్చాడు. చిన్నవాడే, నెమ్మదస్తుడు. తను సూటిగా అడిగాడు. "దీనివల్ల నాకు మేలు జరుగుతుందా డాక్టర్?"

జరగొచ్చు అన్నాడు. ఇంకా ఏదో చెప్పాడుగానీ ముఖ్యమైన మాట ఇది.

సంతకాలు పెట్టారు. రక్తం ఇచ్చారు, స్కానులు తీయించుకున్నారు. వచ్చేటప్పుడు వెనకసీట్లో ఇద్దరూ నిద్రపోయారు. ముందుసీటు ఖాళీగా ఉంటే నడపడం నాకు చేతకాలేదు. రెండుసార్లు ఇంజను ఆగిపోయింది.

ఫిబ్రవరి 27

లిఫ్టాయనకి అన్నీ సరిపోయాయట. మా ఆయన రక్తంలో మాత్రం కాలేయం లెక్క ఒకటి వాళ్ళ గీత కంటే కాస్త పైన ఉంది. కాస్తే. నర్సు అంది, మళ్ళీ వచ్చి ఒకసారి ఇచ్చి చూడొచ్చు, దానికి అవకాశం ఉందని.

కాస్తే కదా.

ఫిబ్రవరి 28

గ్లాసుడు నీళ్ళు, మళ్ళీ గ్లాసుడు నీళ్ళు. తాగుతారా తాగరా అని వెంటపడుతున్నాను. అత్తయ్య సూప్ కాస్తోంది. గరిటె పట్టుకుని, "నేను తాగించినప్పుడల్లా తాగాడు, నీకేం భయంలేదు" అంటోంది. చిన్నప్పటి సంగతి అది.

మార్చి 3

ఇవాళ మళ్ళీ రక్తం ఇచ్చే రోజు. నేను సెలవు పెడతానంటే ఒప్పుకోలేదు. "మీ లిఫ్టు అన్నయ్యగారు మిగతా పరీక్షలకి ఎలాగూ వెళుతున్నాడు కదా. ఆయనతో రైల్లో వెళ్ళొస్తా. నువ్వు పని మానకు."

స్టేషన్లో దింపాను. చొక్కా గుండీలు నేనే పెట్టాను. పెట్టుకోలేడని కాదు, ఆలస్యమవుతోందని. ప్లాట్‌ఫారం మీద ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నడుస్తూ వెళ్ళారు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తెలియలేదు.

నా తోడు లేకుండా అంతదూరం వెళ్ళొచ్చాడు. ఇలాంటి మనిషిని ఎవరు కాదంటారు?

మార్చి 5

లెక్క దిగింది. వాళ్ళ గీత లోపలికి వచ్చేసింది. కాగితం ఫోన్లోకి వచ్చింది, నా కళ్ళతో చూశాను. ల్యాబులో ఓనరుకి చూపించాను. ఆయన ఏమీ అర్థం కాకపోయినా "శభాష్" అన్నాడు. పైపళ్ళ సెట్టు ఒకటి చేత్తో పట్టుకుని ఉన్నానని కూడా మర్చిపోయి నవ్వాను.

అత్తయ్యకి చెబితే, "సూప్" అంది.

తనకి చెబితే తల ఊపాడు. అలిసిపోయి ఉన్నాడు. రైలు ప్రయాణం.

మార్చి 6

నర్సు ఫోన్ చేసింది. తీసుకోవడం లేదట.

రక్తం సరిపోయింది కదండీ అన్నాను. కాగితం నా దగ్గరుంది, తేదీ చూడండి, లెక్క చూడండి అన్నాను. ఆవిడ విన్నది. అంతా విని, "రక్తం వల్ల కాదండీ" అంది. "మొన్న వచ్చినప్పుడు డాక్టరుగారితో మాట్లాడారు. రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉంటున్నారని, బట్టలు వేసుకోవడానికి కూడా సాయం కావాలని ఆయనే చెప్పారు. అంత నీరసంగా ఉన్నవాళ్ళకి ఈ మాత్ర ఇస్తే ఇంకా ఇబ్బంది పడతారు. అందుకని వద్దనుకున్నాం. మీకు చెప్పలేదా?"

చెప్పారన్నాను.

పని మధ్యలోనే ఇంటికి వచ్చేశాను. తను సోఫాలో ఉన్నాడు. అత్తయ్య కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఆవిడ ముందు, పరాయివాళ్ళ ముందు నేను తనని ఎప్పుడూ మీరనే అంటాను. ఇవాళ నోరు జారింది.

"నువ్వేం చెప్పావు వాళ్ళకి?"

"అడిగిందే చెప్పాను. రోజెలా గడుస్తోందన్నాడు. పడుకుని గడుస్తోందన్నాను."

"ఎందుకు చెప్పావు?"

"నిజమే కదా."

"నిజం కోసం చెప్పలేదు నువ్వు."

కిటికీ వైపు తిరిగాడు. "లేదు. వాళ్ళు వద్దంటే నువ్వు ఆగుతావనుకున్నా. నేను వద్దంటే ఆగవు."

"నేను నీ కోసం కదా..."

"తెలుసు. అందుకే నీతో చెప్పలేకపోయాను. అడిగినవాడు పరాయివాడు. వాడితో చెప్పడం తేలికైంది."

అత్తయ్య మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. "ఏంట్రా? ఏమంటోంది?"

తను వంగి ఆవిడ మంచి చెవి దగ్గర గట్టిగా చెప్పాడు. "ఏం లేదమ్మా. ఆ ట్రయల్లో నన్ను విడుదల చేసేశారు."

"నే చెప్పలా," అంది అత్తయ్య. మొహం వెలిగిపోయింది. "నా కొడుకు ఏ తప్పూ చేసి ఉండడు."

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను.

మార్చి 7

లిఫ్టాయనకి కొత్త మాత్ర తగిలింది. కంప్యూటరు ఆయన వైపు మొగ్గింది.

ఆయనకి ఆ ట్రయల్ గురించి చెప్పింది నేను. తీసుకెళ్ళింది నేను. మా కారులో.

మార్చి 8

ఆయన ఫోన్ ఎత్తలేదు. ఆ రోజు రైల్లో తిరిగొస్తూ తను ఆయనకి అంతా చెప్పే ఉంటాడు. ఇద్దరూ కలిసి నాకు చెప్పకూడదనుకున్నారు. అన్నయ్యగారట.

మార్చి 10

నాకు కోపం ఏమీ లేదు. ల్యాబులో పని ఎక్కువగా ఉంది.

మార్చి 11

పని ఎక్కువగా ఉంది.

మార్చి 14

పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. మూడో మందయినా మొదలుపెట్టమన్నాను. ఆవిడ తనని మంచం మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది, కళ్ళు చూసింది. "ఇప్పుడు ఇది తట్టుకోలేరు" అంది.

తను చక్రాల కుర్చీలో ముందు వెళ్ళాక, నేను వెనక్కి వచ్చి అడిగాను. "అప్పుడే, ఫిబ్రవరిలోనే మొదలుపెట్టి ఉంటే? నేను ట్రయల్ కోసం ఆపించకపోయి ఉంటే?"

"పెద్ద తేడా ఉండేది కాదు" అంది.

మంచావిడ. అలాగే అంటుంది.

మార్చి 20

తను లేవనెత్తి కూర్చోబెట్టమన్నాడు. వీపు వెనక దిళ్ళు పెట్టాను. పెడుతుంటే నా మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"ఎన్నాళ్ళు మాట్లాడకుండా ఉంటావ్?"

"మాట్లాడుతూనే ఉన్నాగా."

"నీళ్ళు తాగు, మాత్ర వేసుకో. అవి మాటలా?"

రెండో చేత్తో దుప్పటి సర్దాను.

"ఆ చిన్న డాక్టరు ఏమన్నాడో గుర్తుందా? నేనడిగినప్పుడు."

"జరగొచ్చన్నాడు."

"తర్వాత?"

గుర్తుంది. ఈ డైరీలో రాయలేదంతే. ఇవాళ రాస్తున్నాను. 'జరగొచ్చు, జరగకపోవచ్చు. మాకు తెలిసి ఉంటే ఈ ట్రయలే అక్కర్లేదు. బహుశా మీకంటే, మీ తర్వాత వచ్చేవాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది. అది తెలిసే మీరు ఒప్పుకోవాలి.' అతను చెప్పినప్పుడు నేను తన మొహం చూడలేదు. సంతకం పెట్టాల్సిన చోటు వెతుకుతున్నాను.

"నేను అదయినా చేద్దామనే వెళ్ళాను," అన్నాడు. "తర్వాతవాళ్ళకయినా పనికొస్తానని. రెండోసారి వెళ్ళేటప్పుడు రైల్లో బాత్రూముకి వెళ్ళి మళ్ళీ సీటు దగ్గరికి రాలేకపోయాను. అన్నయ్యగారు వచ్చి తీసుకొచ్చాడు. ఇంకెక్కడికీ వెళ్ళద్దనిపించింది. ఇంట్లో ఉండాలనిపించింది. ఆయన మీద కోపం పెట్టుకోకు. నీకు చెప్పేస్తానని నాతో పోట్లాడాడు. నేనే ఒట్టేయించుకున్నాను."

నేను తన పక్కన మంచం అంచున పడుకున్నాను. పట్టపగలు. అత్తయ్య గుమ్మం దాకా వచ్చి, చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

ఏడ్చింది నేనే. తను నా జుట్టులో వేలు పెట్టి, "ప్లాస్టర్ దుమ్ము" అన్నాడు. "ఇన్నేళ్ళు పళ్ళు చేసి తలంతా తెల్లబడిపోయింది నీకు."

మార్చి 23

లిఫ్టాయన వచ్చాడు. అరచేతులు ఎర్రగా బొబ్బలెక్కి ఉన్నాయి. మాత్ర వల్లట. గుమ్మంలోనే నిలబడ్డాడు, నేను లోపలికి రమ్మనేదాకా. తలుపు వేసుకుని ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఒకసారి నవ్వు వినిపించింది, ఎవరిదో పోల్చుకోలేకపోయాను.

వెళ్ళేటప్పుడు "నా మీద కోపమా చెల్లెమ్మా?" అన్నాడు.

ఉందన్నాను.

"ఉండాలి మరి," అని చెప్పులు వేసుకున్నాడు. ఆ చేతులతో బకిల్ పెట్టుకోలేకపోతుంటే నేను వంగి పెట్టాను.

ఏప్రిల్ 2

ఇంటికొచ్చే నర్సమ్మ నొప్పి మందు పెంచింది. ఇప్పుడు హాయిగా ఉన్నాడు. మాటలు తగ్గాయి. అత్తయ్య రోజంతా పక్కనే కుర్చీ వేసుకుని చిన్నప్పటి సంగతులన్నీ వరసగా చెబుతోంది. విన్నా వినకపోయినా చెబుతూనే ఉంటుంది. తనలాగే పక్కవాళ్ళకీ వినపడకపోవచ్చని అనుకోదు.

నేను ల్యాబులో మళ్ళీ పట్టిక తెరిచాను. ఊరికే.

ఏప్రిల్ 6

సముద్రం అవతల ఒకటుంది. గడ్డ ఏ రకమైనా పరవాలేదట. నీరసంగా ఉన్నవాళ్ళని కూడా తీసుకుంటారట, అలాగే రాసి ఉంది, మూడుసార్లు చదివాను. తన కాగితాలన్నీ జతచేసి ఉత్తరం పంపించాను.

ఎలా తీసుకెళతాను? మంచం దిగలేని మనిషిని? ఆ సంగతి తర్వాత.

ఏప్రిల్ 8

నీళ్ళు చెమ్చాతో పడుతుంటే కళ్ళు తెరిచాడు. "పంపావా?" అన్నాడు.

"ఏంటి?"

"ఏదో ఒకటి పంపే ఉంటావు."

అబద్ధం ఆడలేకపోయాను. పంపాను అన్నాను. కోపం వస్తుందనుకున్నాను. నవ్వాడు. పెదవులు పగిలి ఉన్నాయి, నవ్వితే నొప్పి.

"మంచిదిలే," అన్నాడు. కళ్ళు మూసుకుని, "క్లచ్ మీంచి కాలు తియ్యి. ఇంట్లోకి కాలిన వాసనొస్తోంది."

కారు నిన్నటి నుంచీ తీయలేదు.

ఏప్రిల్ 13

పొద్దున్న పోయాడు.

ఏప్రిల్ 30

అత్తయ్య ఇవాళ అడిగింది. "వాణ్ణి విడుదల చేశారన్నారుగా?"

ఏం చెప్పాలి? ఆవిడకి తెలియక అడిగిందా, తెలిసే అడిగిందా? మంచి చెవి వైపు వెళ్ళాను. ఆవిడే నా తల పట్టుకుని భుజానికి ఆనించుకుంది. ఇద్దరం అలాగే ఉండిపోయాం, పొయ్యి మీద పాలు పొంగి మాడు వాసన వచ్చేదాకా.

మే 5

సముద్రం అవతలి నుంచి జవాబొచ్చింది. కొత్త స్కాను ఉంటే పంపమన్నారు.

పంపడానికేం లేదు. జవాబు రాయలేదు. చెరిపేయనూ లేదు.

మే 19

డ్రైవింగు స్కూలు నంబరు నా ఫోనుకి మార్పించాను. ఒక ఆడపిల్ల చేసింది, మాస్టారున్నారా, కారు నేర్చుకోవాలి అంది. లేరమ్మా అన్నాను. ఎప్పుడొస్తారు అంది. వేరే వాళ్ళ నంబరిచ్చాను.

మనుషులు ఎంత మామూలుగా అడుగుతారు.

జూన్ 11

లిఫ్టాయన వచ్చాడు. ఆ రోజు మోసుకెళ్ళినప్పుడు చూడటమే, మళ్ళీ ఇవాళే. చొక్కా వదులైపోయింది. అత్తయ్య మనిషిని పోల్చుకోలేదు. ఎవరో చెప్పాక మంచినీళ్ళు తెచ్చి, దగ్గరే కూర్చుంది.

చాలాసేపు ఏవేవో మాట్లాడాడు. పాత భవనంలో లిఫ్టొకటి తలుపు పడటం లేదని ఫోన్ చేశారట, వెళ్ళలేక వేరేవాణ్ణి పంపించాడట. నేనే అడిగాను, స్కాను సంగతేంటని.

"మొదట్లో ఆగిందన్నారు. నీతో చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడు మళ్ళీ పెరిగిందట. మాత్ర ఆపేశారు. ట్రయల్లోంచి తీసేశారు."

నేను ఎలా ఉన్నానో నాకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. మొదట ఆగిందన్నప్పుడు గుండెలో కత్తి దిగినట్టయింది. తనకీ ఆగేదేమో. పెరిగిందన్నప్పుడు ఒక్క క్షణం, ఒక్క క్షణమే, తేలికపడ్డాను. తర్వాత ఆయన చేతులు చూశాను. బొబ్బలు మాని చర్మం కొత్తగా, పసిపిల్లల చర్మంలా ఉంది. సిగ్గేసింది.

"చెల్లెమ్మా, ఇంకేమైనా ఉంటాయంటావా?" అన్నాడు.

అలవాటుగా లేచి కంప్యూటరు తీశాను. మూత తెరిచి, ఆగాను.

"అన్నయ్యా, మీకు కావాలా? మళ్ళీ ఆ రైళ్ళు, ఆ రక్తాలు, వాళ్ళు కాదంటే మళ్ళీ ఇంకోటి. ఎవరి కోసమూ కాదు. మీకు కావాలా?"

"కావాలి," అన్నాడు. ఆలోచించుకోలేదు. సిగ్గుపడలేదు. "నాకు ఇంకా బతకాలని ఉందమ్మా. ఎవరూ లేకపోయినా ఉంది. ఏంటో మరి."

పక్కన కూర్చోబెట్టుకుని పట్టిక తెరిచాను. రాకూడనివాళ్ళ పేరాలు కూడా దాచకుండా పైకి చదివాను. మందు వల్ల ఆయనకి మేలు జరగకపోవచ్చని ఎక్కడ రాసి ఉంటే అక్కడ ఆగి మళ్ళీ చదివాను. రెండింటి దగ్గర ఆపమన్నాడు. రేపు ఆ రెండిటికీ ఫోన్ చేస్తాం. రోజెలా గడుస్తోందని వాళ్ళడిగితే ఆయనే చెబుతాడు, నేను పక్కన కూర్చుంటాను.

ఆయన వెళ్ళాక చాలాసేపు అక్కడే ఉండిపోయాను. ఆయన ఆ మాట అంటుంటే విన్నాను కదా. ఒక మనిషికి కావాలంటే, ఆ మాట అలా వస్తుంది. దాహమేసినట్టు. అడగగానే.

తను సరే అన్నాడు. తల ఊపాడు. నవ్వాడు. నాతోపాటు అంతదూరం వచ్చాడు. కావాలి అని ఒక్కసారీ అనలేదు. నేనూ ఒక్కసారీ అడగలేదు.